ఆవర్తన పట్టికలో పొరుగు మూలకాలు: పైరు వేరు ఎక్కడ పొరబడుతుంది?

1869 ఫిబ్రవరి 17న, అనగా నేటి క్యాలెండరు ప్రకారం మార్చి 1న, సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర ఆచార్యులు దిమిత్రి మెండలీఫ్ ట్వేర్ ప్రాంతంలోని జున్ను తయారీ కేంద్రాల పరిశీలనకు బయలుదేరవలసి ఉంది. ఆ పర్యటనకు సంబంధించి తనకు వచ్చిన ఉత్తరం వెనుకనే ఆయన కొన్ని మూలకాల పరమాణు భారాలను వరుసలుగా వేసి చూసుకున్నారు. ఆవర్తన పట్టిక తొలి ఆనవాళ్లలో ఆ కాగితం ఒకటి. అంతకు రెండేళ్ల ముందే ఆయన పర్యవేక్షణలో రష్యాలోని పలు ప్రాంతాలలో ఎరువుల క్షేత్ర ప్రయోగాలు జరిగాయి. తరువాతి కాలంలో పత్రహరితంపై పరిశోధనలతో పేరొందిన తిమిర్యాజెవ్ యువకుడిగా వాటిలో పాల్గొన్నారు. రసాయనశాస్త్ర పాఠ్యగ్రంథాలు ఈ సంగతిని సాధారణంగా విడిచిపెడతాయి గాని, వ్యవసాయ విద్యార్థి తెలుసుకోదగినదే.

నాటికి తెలిసిన మూలకాలు 63. వాటిని పరమాణు భార క్రమంలో పేర్చినప్పుడు ఒకే రకమైన ధర్మాలు నియమిత అంతరంలో మళ్లీ కనిపించాయి. సారూప్యం గల మూలకాలు ఒకే నిలువు వరుసలోకి వచ్చేలా అమర్చడానికి మెండలీఫ్ కొన్ని గళ్లను ఖాళీగా ఉంచారు. ఆ గళ్లలోకి రావలసిన మూలకాలకు సంస్కృతంలోని ‘ఏక’ పదాన్ని జోడించి ఏక అల్యూమినియం, ఏక సిలికాన్ వంటి తాత్కాలిక నామాలు పెట్టారు. 1875లో ఏక అల్యూమినియం గాలియంగా బయటపడింది. దానిని కనుగొన్న ఫ్రెంచి శాస్త్రవేత్త సాంద్రత 4.7 అని ప్రకటించగా, అది 5.9కి దగ్గరగా ఉండాలని, నమూనాను మరింత శుద్ధి చేసి కొలవాలని మెండలీఫ్ సూచించారు. తిరిగి కొలిచినప్పుడు 5.9 వచ్చింది. మూలకాన్ని చూడనివారి లెక్క, చేతిలో పట్టుకున్నవారి కొలతను సరిదిద్దింది. 1886లో దొరికిన జెర్మేనియమే ఏక సిలికాన్. దాని ప్రస్తావన వరి విషయంలో మళ్లీ వస్తుంది.

పరమాణు భారం మీద ఆధారపడిన క్రమంలో చిక్కులు లేకపోలేదు. టెలూరియం పరమాణు భారం అయోడిన్ కంటే ఎక్కువ. అయినా ధర్మాలను బట్టి మెండలీఫ్ టెలూరియాన్నే ముందు ఉంచారు. ఇందుకు కారణం 1913లో మోస్లే ఎక్స్‌కిరణ ప్రయోగాలతో తేలింది. క్రమాన్ని నిర్ణయించేది భారం కాదు, కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య. నేటి పట్టికలో 118 మూలకాలు 7 అడ్డు వరుసలలో, 18 నిలువు వరుసలలో ఉన్నాయి. సాధారణంగా ఒకే నిలువు వరుసలోని మూలకాల వెలుపలి కక్ష్యలో ఎలక్ట్రాన్ల అమరిక ఒకే తీరుగా ఉంటుంది కనుక రసాయన ప్రవర్తన కూడా పోలి ఉంటుంది. కిందికి దిగేకొద్దీ పరమాణు పరిమాణం పెరుగుతుంది.

మొక్కలకు అత్యవసరమైన 17 మూలకాలలో 16 పట్టికలోని మొదటి నాలుగు అడ్డు వరుసలలోనే ఉన్నాయి. అయిదవ వరుసకు చెందినది మాలిబ్డినం ఒక్కటే. అంటే పైరు తన అవసరాలను తేలిక మూలకాలతోనే దాదాపు తీర్చుకుంటుంది. అయితే వేరుకు మూలకం పేరు తెలియదు. కణ త్వచంలోని వాహక ప్రోటీన్లు అయాను ఆవేశాన్ని, పరిమాణాన్ని, ఆకృతిని మాత్రమే గుర్తిస్తాయి. కనుక పోషక మూలకానికి కింది గడిలో ఉన్న పొరుగు మూలకం అదే ద్వారం గుండా లోనికి రాగలదు.

పొటాషియం అయాను వ్యాసార్ధం సుమారు 1.38 ఆంగ్‌స్ట్రామ్‌లు, అదే వరుసలో రెండు గళ్లు కింద ఉన్న సీసియంది 1.67. రెండింటికీ ఒకే ధనావేశం. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదం తరువాత వరి పొలాలలో చేరిన రేడియోధార్మిక సీసియం ధాన్యంలోకి వెళ్లకుండా చేయడానికి అక్కడివారు అనుసరించిన ప్రధాన పద్ధతులలో పొటాష్ ఎరువు వాడకం ఒకటి. 100 గ్రాముల మట్టిలో వినిమయ పొటాష్, పొటాషియం ఆక్సైడ్ లెక్కలో, 25 మిల్లీగ్రాములు ఉండేలా చూడాలని సిఫారసు చేశారు. అర్ధాయువు 30 ఏళ్లు గల సీసియం 137ను నేల నుండి తొలగించడం కష్టం. వేరు ముందు పొటాషియం సమృద్ధిగా ఉంచితే పోటీలో సీసియం వెనుకబడుతుంది.

పంజాబ్ ఈశాన్య భాగంలోని సెలీనియం అధికంగా గల నేలలలోనూ ఇదే తర్కం పనిచేసింది. గంధకానికి సరిగ్గా కింది గడి సెలీనియానిది. అక్కడ జిప్సం వేసినప్పుడు సల్ఫేటు పోటీ వలన పైరులో సెలీనియం తగ్గింది. కాల్షియం వెంట స్ట్రాన్షియం నడిచేది కూడా ఈ బాటలోనే.

ఆర్సెనిక్ విషయంలో మాత్రం ఈ తర్కాన్ని యథాతథంగా వాడితే సలహా తప్పుతుంది. భాస్వరానికి కింది గడి ఆర్సెనిక్‌ది. గాలి ఆడే నేలలో అది ఆర్సెనేట్ రూపంలో ఉండి ఫాస్ఫేటు వాహకాల గుండా వేరులో చేరుతుంది. అలాగైతే భాస్వరం ఎరువు పెంచితే చాలునని తోచవచ్చు. కాని ఇనుప ఆక్సైడ్లను పట్టుకొని ఉన్న ఆర్సెనేట్‌ను అదే ఫాస్ఫేటు విడిపించి నేల ద్రావణంలోకి వదలగలదు. పైగా పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్‌లలో ఆర్సెనిక్ ఉన్న బోరు నీటితో వరి పండించే పొలాలు నీటితో నిండి ఉంటాయి. ఆక్సిజన్ లేని ఆ మట్టిలో ఆర్సెనేట్ ఆర్సెనైట్‌గా మారుతుంది. ఆవేశం లేని ఆ చిన్న అణువు ఆకృతిలో ఫాస్ఫేటును కాక సిలిసిక్ ఆమ్లాన్ని పోలి ఉంటుంది. వరి సిలికాను విస్తారంగా తీసుకొనే పైరు కనుక ఆ ద్వారం విశాలంగా తెరిచి ఉంటుంది.

ఆ ద్వారాన్ని గుర్తించడంలో తోడ్పడినది జెర్మేనియమే. సిలికాన్ కింది గడిలోని ఈ మూలకం వరికి విషం. జెర్మేనియం ఉన్న ద్రావణంలోనూ దెబ్బతినని ఉత్పరివర్తన మొక్కను జపాన్ శాస్త్రవేత్తలు ఎంపిక చేశారు. సిలికాను తీసుకొనే వ్యవస్థ లోపించడమే దాని రక్షణ. ఆ మొక్క ఆధారంగా 2006లో సిలికాన్ వాహక జన్యువును గుర్తించగా, ఆర్సెనైట్ కూడా ఆ మార్గంలోనే ప్రవేశిస్తుందని 2008లో వెల్లడైంది.

కనుక ఆర్సెనిక్ గల వరి పొలంలో పరిశీలించవలసింది పట్టికలోని స్థానంతో పాటు, నేలలో ఆ మూలకం ఉన్న రూపం. పొలాన్ని మధ్యమధ్య ఆరబెట్టి నీరు పెట్టే పద్ధతిలో ఆర్సెనైట్ తగ్గి ధాన్యంలో ఆర్సెనిక్ తగ్గుతుంది. అయితే నీటి కింద సల్ఫైడుగా కదలకుండా ఉన్న కాడ్మియం అప్పుడు కరిగి వేరుకు అందుతుంది. పట్టికలో కాడ్మియం జింకు కింద ఉన్నప్పటికీ, వరి వేరులోకి అది ప్రధానంగా ప్రవేశించేది మాంగనీసు వాహకం గుండా. అందువలన నీటి యాజమాన్యాన్ని మార్చమని సిఫారసు చేసే ముందు మట్టి నమూనాలో ఆర్సెనిక్‌తో పాటు కాడ్మియాన్ని కూడా పరీక్షించడం అవసరం.