కదిలే పంటికి కొత్త ఎముక నిలుస్తుందా?

దంతాలు కూడా ఎముకలలో ఒక భేదమేనని, వాటికి రుచకాస్థులని పేరని సుశ్రుత సంహిత చెబుతుంది. ఆ గ్రంథంలో వివరించిన 65 ముఖరోగాలలో 15 దంతమూలాన్ని, అనగా చిగుళ్లను ఆశ్రయించినవే. వాటిలో ఉపకుశమనే వ్యాధిలో చిగుళ్లు మండి, రక్తం స్రవించి, పళ్లు కదులుతాయి. నోరు దుర్వాసన వేస్తుంది. ఆధునికులు పెరియోడాంటైటిస్ అని వ్యవహరించే వ్యాధికి ఈ లక్షణాలు మిక్కిలి సన్నిహితం.

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల గృహస్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "దంతవైద్యులు చిగురు కోసి ఎముక పొడి పెట్టాలంటున్నారు. దానితో పన్ను నిలుస్తుందా? ఇంటి వైద్యం చాలదా?" దీనికి సమాధానం తెలియాలంటే ముందు పంటి నిర్మాణాన్ని గ్రహించాలి.

పంటికీ ఎముకకూ నడుమ

పన్ను దవడలో మేకులా దిగగొట్టబడి ఉంటుందని చాలామంది భావిస్తారు. అది సరికాదు. పంటి వేరుకూ ఎముకకూ నడుమ సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం గల స్నాయుబంధం ఉన్నది. నులక మంచంలో పట్టెల నడుమ నులక మన బరువును మోసినట్లే, ఈ నారలు నమిలేటప్పటి ఒత్తిడిని మోస్తాయి. ఒక కొస వేరు మీది సిమెంటమ్ పొరలోను, మరొక కొస ఎముకలోను నాటుకొని ఉంటాయి.

పాచి పేరుకొని గారగా గట్టిపడితే చిగురు వాస్తుంది. క్రమంగా నారలు తెగి, ఎముక కరగి, పంటి పక్కన గుంట ఏర్పడుతుంది. అలా పోయిన ఎముక తనంతట తాను తిరిగి రాదు.

పొడి పందిరి మాత్రమే

ఆ గుంటలో నింపే పదార్థాలు నాలుగు విధాలు: రోగి సొంత ఎముక, దాతల నుండి సేకరించి శుద్ధి చేసిన ఎముక, పశువుల ఎముక నుండి తయారైనది, హైడ్రాక్సీఅపటైట్, బయోయాక్టివ్ గ్లాస్ వంటి కృత్రిమ పదార్థాలు. శాకాహార నియమం గలవారు, మతాచారం పాటించేవారు ఏ రకం వాడుతున్నారో ముందే అడగాలి. అడగడంలో సంకోచం అనవసరం.

ఏ రకమైనా అది పందిరి వంటిదే. తీగ వేరే ఉన్నది. అదే స్నాయుబంధంలోని జీవకణం. పొడి రక్తంతో తడవగానే ఫైబ్రోనెక్టిన్ వంటి మాంసకృత్తులు దానిమీద పూతలా పరుచుకొంటాయి. కణం పైపొరలోని ఇంటిగ్రిన్‌లు ఆ పూతను గుర్తించి పట్టుకొంటాయి. గుండ్రని కణం పాదాలు చాచి, చదునై, స్థిరపడుతుంది. తరువాతనే అది వృద్ధి పొంది నారలను అల్లుతుంది. పట్టు దొరకని కణం నశిస్తుంది. పదార్థపు స్వభావం, గరుకుదనం, రంధ్రాల పరిమాణం ఈ పట్టును ప్రభావితం చేస్తాయి.

ఇదే సూత్రానికి నిదర్శనం మన సమీపంలోనే ఉన్నది. శామీర్‌పేట దగ్గర తుర్కపల్లిలోని భారత్ బయోటెక్ సంస్థ రూపొందించి, 2021 జనవరిలో అత్యవసర అనుమతి పొందిన కోవాగ్జిన్ టీకాకు వెరో కణాలను ఉపయోగించారు. ఆ కణాలు కూడా సాధారణంగా ఒక ఆధారాన్ని అంటుకొనే పెరుగుతాయి.

ముందు చేరేది ఎవరు?

గాయాన్ని ఏ జాతి కణాలు ముందుగా చేరితే మానే తీరు ఆ విధంగా ఉంటుందని 1976లో మెల్చర్ అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. చిగురు చర్మకణాలు అన్నిటికన్నా వేగంగా పాకుతాయి. అవే ముందు చేరితే వేరు మీద చర్మం అంటుకొంటుంది గాని నారలు నాటుకొనవు. అందుకే కొన్ని సందర్భాలలో పొడిపై పలుచని అడ్డుపొరను ఉంచుతారు. ఎక్స్‌రేలో గుంట నిండినట్లు కనిపించినంత మాత్రాన నారలు తిరిగి పుట్టాయని నిర్ధారించలేము. లోతైన, ఇరుకైన గుంటలలో ఫలితం మెరుగు. ఎముక అంతటా సమంగా అరిగిన చోట ఆశ తక్కువ.

గృహస్థులు పాటించవలసినవి

ఏ కషాయమూ పోయిన ఎముకను మొలిపించదు. ఆ ఆశతో కాలయాపన చేస్తే ఉన్న పన్ను పోతుంది. వ్యాధి రాకుండా, ముదరకుండా కాపాడుకోవడానికి మాత్రం మన పద్ధతులు తోడ్పడతాయి. చెంచాడు త్రిఫలా చూర్ణాన్ని రెండు గ్లాసుల నీటిలో వేసి, ఒక గ్లాసు మిగిలేవరకు కాచి, వడగట్టి, గోరువెచ్చగా పుక్కిలించాలి. ఉదయం చెంచాడు నువ్వులనూనె నోటిలో ఉంచి ఉమ్మివేయడం గండూష విధి. పేరుకొన్న గారను మాత్రం దంతవైద్యునిచేతనే తీయించాలి.

శస్త్రచికిత్స చేయించుకొన్నవారు వైద్యుడు అనుమతించే వరకు వేపపుల్ల, పళ్లపొడి, లవంగనూనె, పుక్కిలింత అన్నీ మానాలి. గాయం కదిలితే అప్పుడే పట్టు చిక్కించుకొంటున్న కణాలు ఊడిపోతాయి. బీడీ, చుట్ట, గుట్కా పూర్తిగా విడిచిపెట్టాలి. మధుమేహం గలవారు చికిత్సకు ముందే చక్కెరను అదుపులోకి తెచ్చుకోవాలి.

చిగురు నుండి రక్తం కనిపించిన నాడే వైద్యుని దర్శిస్తే పొడి అవసరమే రాకపోవచ్చు. సూరారం ప్రాంతంలోని దంత వైద్య కళాశాలలు మేడ్చల్ వాసులకు దూరం కావు.