మోదుగ కొమ్మ మీది పాట

రార్రి పిల్లలూ, ఈ అరుగు మీద జర సర్దుకొని కూసోర్రి. ఇయ్యాల పాటల ముచ్చట చెప్త. రాగాలు, తాళాలు మీ పంతులు చెప్తడు గని, ఆ పాట పుట్టి మన చెవిదాంక ఎట్ల వస్తదో అది నేను చెప్త. నాకు బతుకంత అదే పిచ్చి.

డప్పు కొట్టేటోళ్లను చూసిన్రు గదా? కొట్టుడుకు ముందు ఇన్ని ఎండుటాకులు, గడ్డి పోగేసి మంట పెడ్తరు. డప్పును ఆ సెగకు తిప్పుకుంట కాపుతరు. నడుమ నడుమ వేళ్లతోని తట్టి చూస్తరు. ‘ఇగ అయ్యింది’ అని చెవి చెప్తేనే సిర్ర, సిటికెన పుల్ల చేతికి తీసుకుంటరు. అది ఆచారం ఒక్కటే కాదు, అండ్ల పెద్ద సంగతున్నది. తోలు గాలిల ఉన్న తేమను పీల్చుకుంటది. వానకాలమైతే ఇంక ఎక్కువ. తడి పట్టిన తోలు సాగి వదులైతది, దెబ్బ కొడితే మోత బొంగురుగ వస్తది. సెగ తాకంగనే తడి పోతది, తోలు బిగుసుకుంటది, బిగిసిన తోలు తొందరగ కదులుతది. మోత పదునెక్కుతది. కదులుడు రెండింతలు కావాలంటే బిగువు నాలుగింతలు కావాలె. ఈ లెక్క తెల్వకపోయినా, డప్పు కాపే మనిషి చెవి లెక్క తప్పది.

డప్పు చప్పుడు గుండెల గుద్దుతది గని, దానితోని ‘సా’ పట్టి పాడుర్రి అంటే పాడలేం. తబలా, మృదంగంతోని అయితే పాడొచ్చు. ఎందుకట్ల? వీణ తీగను మీటితే అసలు స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల కదలికలు గూడ కలిసి పలుకుతయి. అవన్నీ ఒకదానికొకటి పొత్తు కుదిరి చెవికి తియ్యగుంటది. గుండ్రటి తోలు అట్ల చెయ్యది. దాని తర్వాతి కదలికలు ఒకటిన్నర దాటి 1.59 ఇంతలు, ఆ మీద 2.14 ఇంతలు, ఇట్ల పొత్తు కుదరని లెక్కల వస్తయి. మరి మృదంగం? దాని నడుమల ఉండే నల్లటి మందమున్నదే, అదే మంత్రం. ఆ బరువుతోని తోలు కదలికలు దారికొచ్చి ఒకటి, రెండు, మూడు అని వరుస కడ్తయి. ఈ మర్మం విప్పింది మన సి.వి.రామన్. 1920ల ‘నేచర్’ పత్రికల దీని మీద వ్యాసమే రాసిండు. వెలుతురు మీద చేసిన పనికి నోబెల్ వచ్చింది 1930ల. అంతకు పదేండ్ల ముందే ఆయన మృదంగానికి చెవి పెట్టి కూసున్నడు. ఈ సంగతి తల్సుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తది.

సరే, మోత పుట్టింది. మనదాంక ఎట్లొచ్చింది? గాలి తెమ్మెర తాకితే జొన్నచేను చూడుర్రి. అల ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోతది, ఒక్క కర్ర గూడ తన పాదు విడిచి కదలది. వంగి, పక్కదాన్ని తట్టి, మళ్ల నిలబడ్తది. గాలిల ఉండే రేణువులు గూడ గట్లనే ఒకదాన్నొకటి తట్టుకుంట మోతను మోస్తయి. సెకండుకు సుమారు 340 మీటర్లు. కిలోమీటరు దూరంల డప్పు కొడ్తే మూడు సెకండ్లు ఆలస్యంగ వినపడ్తది.

పుష్యమాసంల ఇంద్రవెల్లి పక్కన కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయినోళ్లకు తెలుసు. చలి వణికిస్తది గని, రాత్రిపూట వాద్యాల మోత ఎక్కడెక్కడికో వినపడ్తది. పగలు నేల కాగి, నేలను అంటుకొని ఉన్న గాలి వేడిగుంటది, మీది గాలి సల్లగుంటది. అప్పుడు మోత పైకి వంగి ఆకాశంల పడి పోతది. రాత్రి అది తిరగబడ్తది. కింద చలి గాలి, మీద జర వెచ్చటి గాలి. పైకి పోయే మోత మళ్ల నేలకు వంగుతది. ఆదిలాబాద్ చలి, ఆ మోతకు కప్పు వేసినట్టన్నమాట.

ఆ దిక్కున్న గోండు పల్లెలల్ల దీపావళికి దండారి ఆట చూడాలె. నెమలి ఈకల టోపీ పెట్టుకొని గుస్సాడీలు ఆడ్తరు. మార్లవాయి కనకరాజుకు ఆ ఆటకే 2021ల పద్మశ్రీ వచ్చింది. ఆడ పెప్రె ఊదుతరు, మన సన్నాయి జాతిది. ప్రధాన్ తెగ పాటగాండ్లు మూడు తీగల కిక్రి మీద కమాను లాగుకుంట గోండుల పురాణాలు పాడ్తరు. కమాను వెంట్రుకలు తీగను పట్టుకొని లాగుతయి, తీగ జారి వెనక్కి పోతది, మళ్ల పట్టుకుంటయి. ఈ పట్టుడు జారుడు సెకండుకు కొన్ని వందలసార్లు అయితది. మనకు మాత్రం ఆగని ఒక్కటే స్వరం లెక్క వినపడ్తది.

నేను పడుచుగున్నప్పుడు కరీంనగర్ల పెండ్లి బ్యాండుల ముందు సైడ్ డ్రమ్ము కొట్టిన, తర్వాత క్లారినెట్ పట్టిన. క్లారినెట్, సన్నాయి రెండూ రెల్లు పుల్ల పెట్టి ఊదేటివే. కానీ ఒక వింత ఉన్నది. సన్నాయిల ఊపిరి జోరు పెంచితే ‘సా’ మీదున్నది పై స్థాయి ‘సా’కు ఎగుర్తది. క్లారినెట్ల అదే పని చేస్తే పై ‘సా’ను గూడ దాటి ఆ మీది ‘పా’ మీద పోయి కూసుంటది. సన్నాయి గొట్టం మూతి దగ్గర సన్నగ మొదలై కిందికి పోయినకొద్దీ వెడల్పైతది, అండ్ల రెండింతల కదలిక ఇముడుతది. క్లారినెట్ గొట్టం మాత్రం ఒకే వెడల్పుతోని ఉంటది, అండ్ల మూడింతలదే ఇముడుతది. అందుకే సన్నాయి నేర్చిన చెయ్యి క్లారినెట్ మీద మళ్ల మొదటి నుంచి నేర్వాలె. ఎండకాలం లగ్గాలల్ల ఇంకో తిప్పలుండె. గాలి వేడెక్కితే మోత వేగం పెరుగుతది, స్వరం జర పైకి జరుగుతది. బారాత్ ఎండల నడిచినకొద్దీ శ్రుతి సవరించుకుంటనే ఊదాలె.

మా పాత కరీంనగర్ జిల్లా నేలకు పాట కొత్తది కాదు. వేములవాడ దగ్గరి హన్మాజీపేట చూడుర్రి. ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుది ఆ ఊరే, జ్ఞానపీఠం అందుకున్న సి.నారాయణరెడ్డి పుట్టిందీ ఆ ఊర్లనే.

ఇగ వినుడు సంగతి. మా కాలంల ఇంట్ల గ్రామఫోను ఉంటే గొప్ప. ఆ నల్లటి పలక దేనితోని చేసేటోళ్లో తెలుసా? లక్కతోని! మన అడవుల మోదుగ చెట్లున్నయి గదా, ఎండకాలం రాకముందే ఎర్రటి పూలతోని మండుతయి. మోదుగ, రేగు అసొంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగు చేరి రసం పీల్చి, తన మీద తానే గట్టి కవచం పోసుకుంటది. అదే లక్క, మీ నాయినమ్మ గాజులల్ల ఉండేది. ఆ లక్కను శుద్ధి చేసి, రాతిపొడి, మసి, ఇంత దూది పీచు కలిపి ఒత్తితే గ్రామఫోను రికార్డు. నిమిషానికి 78 చుట్లు తిరుగుతది, ఒక్క దిక్కు మూడు నిమిషాలే. సినిమా పాట మూడు నిమిషాలకు అలవాటు పడ్డది ఆ పలక పుణ్యమే. లోకానికి లక్క ఎక్కువగ మన దేశం నుంచే పోయేది. రెండో ప్రపంచ యుద్ధంల ఓడల దారులు బందైతే 1942ల అమెరికా సర్కారు రికార్డులకు లక్క వాడకం కోసేసింది. అక్కడి దుకాణాలల్ల పాత పలక ఇస్తేనే కొత్తది ఇచ్చేటోళ్లు. 1948ల వినైల్ పలక వచ్చినంక గని లక్క పని తగ్గలే. ఎక్కడో పెద్ద పట్నంల మోగే పాట ఏదో అడవిల కొమ్మ మీద పురుగు పెట్టిన భిక్ష.

తర్వాత క్యాసెట్ వచ్చింది, 1982ల సీడీ వచ్చింది. సీడీ ఒక్క సెకండు పాటను 44,100 సార్లు కొలిచి అంకెలు చేసి దాచుకుంటది. మన చెవి వినే సన్నటి కీచు సెకండుకు 20,000 కదలికలు. దానికి రెండింతలకు మించి కొలిస్తే ఏదీ జారిపోది.

ఇప్పుడు పిలగాండ్లు వచ్చి, ‘తాతా, ఏ స్పీకర్ కొనాలె?’ అని అడుగుతరు. ముందు గదిని చూడుర్రి బిడ్డా అంట. ఖాళీ సిమెంటు గదిల చప్పట్లు కొట్టుర్రి, గోడలు దాన్ని అటూ ఇటూ విసురుకుంట ఆగవు. లక్ష రూపాయల స్పీకరైనా అండ్ల బురద పాటే పాడ్తది. 1895ల అమెరికాల హార్వర్డ్ విశ్వవిద్యాలయంల కొత్త ఉపన్యాసశాల కట్టిన్రు. మాట మాట మీద పడి ఒక్కటీ అర్థం కాకపోయేది. వాలస్ సబైన్ అనే పడుచు పంతులు రాత్రిపూట పక్క హాలు నుంచి కుర్చీల మెత్తలు మోసుకొచ్చి పరుచుకుంట, మోత ఎంతసేపటికి చస్తుందో గడియారం పెట్టి కొలిచిండు. మెత్తలు పెరిగినకొద్దీ మోత తొందరగ చస్తదని లెక్క కట్టిండు. ఆదిలాబాద్ పత్తి ఆ పనికి బంగారం. దూది పోగుల నడుమ గాలి దూరి రాసుకొని, మోత వేడిగ మారి మాయమైతది. నా గదిల పాత బొంత ఒకటి గోడకు, పుస్తకాల బీరువా వెనుక, కింద జంపఖానా. అయితే ఒక్కటి. మంద్ర స్వరానికి ఏడు మీటర్ల పొడుగు అల ఉంటది, బొంత దాన్ని ఆపలేది. అందుకే స్పీకరును మూలకు నెట్టొద్దు. మూలల అది ఊరికే ఉబ్బుతది.

ఇన్ని చెప్పినంక అసలు సామాను మీ చెవే. లోపల నత్తగుల్ల అసొంటి భాగంల మోతను పట్టే సన్నటి వెంట్రుకల కణాలుంటయి. అవి చస్తే మళ్ల మొలవవు. 85 డెసిబెల్స్ మోతను ఎనిమిది గంటలు ఓర్చుకునే చెవి, 100 డెసిబెల్స్ కాడ పావుగంటకే దెబ్బతింటది. బారాత్ల డీజే పెట్టె ముందల గంతులేయకుర్రి, జర దూరం జరుగుర్రి, చెవులల్ల ఇయర్ ప్లగ్గులు పెట్టుకోర్రి. దసరాకు మన వాడల డప్పులు కాపేటప్పుడు మాత్రం ఆ మంట దగ్గరికే పోయి నిలబడుర్రి. తోలు బిగుస్తుంటే మోత ఎట్ల మారుతదో మీ చెవితోనే పట్టి, నాకొచ్చి చెప్పుర్రి.