ఒక మాటకు మూడు మాటలు: పోర్చుగీసు బైబిలు పదములు, వాటి ఆంగ్ల సమానార్థకములు

ఉపోద్ఘాతము

పోర్చుగీసు భాష ఎరుగని తెలుగువారు కూడ ఆ భాష మాటలను అనుదినము పలుకుచున్నారు. పాదిరి, మేస్త్రీ, అలమార, బాల్చీ, బొత్తాము మొదలగునవి ఆ భాషనుండి వచ్చినవే. సువార్త చరిత్రలో కూడ ఈ భాషకు స్థానమున్నది. 1706లో తరంగంబాడిలో దిగిన జీగెన్‌బాల్గ్ తమిళముతో పాటు పోర్చుగీసును కూడ నేర్చుకొనెను. ఏలయనగా నాటి తీరప్రాంతపు రేవులలో అది వాడుక భాష. ఆ మిషను ఉపయోగించిన పోర్చుగీసు క్రొత్త నిబంధన జువాన్ ఫెరైరా ద అల్మేడా అనువదించినది. అది 1681లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయినది. అదే మిషనుకు చెందిన బెంజమిన్ షుల్ట్జ్ తరువాత బైబిలును తెలుగులోనికి అనువదించెను గాని అది అచ్చు కాలేదు.

మనలో అనేకులము ఆంగ్ల బైబిలు ద్వారానే మూలభాషలను సమీపించుచున్నాము. ఒక ఆంగ్ల పదమునకు ఒకే అర్థము, ఆ అర్థమునకు ఒకే తెలుగు మాట అని తలంచుట సులభము. ఆంగ్లము ప్రక్కన మరియొక భాషను ఉంచినపుడు ఈ తలంపు ఎంతవరకు నిలుచునో తెలియును. కొన్ని పదములను పరిశీలించుదము.

1. ఎస్పెరార్: కనిపెట్టుటయా, నిరీక్షించుటయా?

పోర్చుగీసులో 'ఎస్పెరార్' అను క్రియకు ఆంగ్లములో మూడు సమానార్థకములున్నవి: వెయిట్, హోప్, ఎక్స్‌పెక్ట్. బస్సు కొరకు నిలిచియుండుటకును, దేవునియందు ఆశ పెట్టుకొనుటకును పోర్చుగీసు వారు ఈ ఒక్క మాటనే వాడుదురు.

యెషయా 40:31లోని హెబ్రీ క్రియ 'కావా'. దానిలో ఎదురుచూపు, ఆశ రెండును కలిసియున్నవి. కింగ్ జేమ్స్ అనువాదము అక్కడ 'వెయిట్' అనియు, ఎన్.ఐ.వి. 'హోప్' అనియు వ్రాసినవి. మొదటిది చదివిన బోధకుడు ఓపికను గూర్చియు, రెండవది చదివినవాడు నమ్మకమును గూర్చియు ప్రసంగించును. ఇద్దరి చేతిలోను సగమే ఉన్నది. అల్మేడా వాడిన 'ఎస్పెరార్' రెంటిని ఒకచోట నిలుపుచున్నది.

అయితే రోమా 8:25లో ఈ లాభమే నష్టమగుచున్నది. అచ్చట గ్రీకులో రెండు వేర్వేరు క్రియలున్నవి: 'ఎల్పిజో', 'అపెక్దెఖొమాయ్'. అల్మేడా 'కొరిజిడా' ప్రతి రెండుచోట్లను ఒకే మాటను వాడగా ఆ భేదము మరుగైపోయినది. మన తెలుగు బైబిలు 'నిరీక్షించు', 'కనిపెట్టు' అని రెంటిని వేరుగా చూపుచున్నది.

ఇక్కడ మన సంఘములకు సంబంధించిన సంగతి ఒకటున్నది. బయటి తెలుగులో 'నిరీక్షణ' అనగా ఎదురుచూచుటయే. వచ్చునో రాదో తెలియని దానికొరకు కూడ నిరీక్షించవచ్చును. బైబిలులోని 'ఎల్పిస్' అట్టిది కాదు. అది వాగ్దానము చేసిన వానిని ఆనుకొనిన నిశ్చయత. రోగి మంచము ప్రక్కన "నిరీక్షణ కలిగియుండుము" అని కాపరి పలికినపుడు, క్రొత్తగా వచ్చిన విశ్వాసి "ఇంకను వేచియుండుము" అని మాత్రమే వినవచ్చును. కావున ఆ మాటను వివరింపక విడిచిపెట్టరాదు.

2. కరిదాదె, అమోర్

1 కొరింథీ 13లోని 'అగాపే'కు లాటిను బైబిలు 'కారితాస్' అని వాడెను. పోర్చుగీసు 'కరిదాదె', ఆంగ్ల 'చారిటీ' దానినుండి పుట్టినవే. 1526లో టిండేల్ 'లవ్' అని అనువదించగా థామస్ మోర్ దానిని తీవ్రముగా విమర్శించెను. 1611లో కింగ్ జేమ్స్ 'చారిటీ'ని వాడెను. 1881 నాటి సవరణ తిరిగి 'లవ్'కు వచ్చెను. పోర్చుగీసులోను ఇట్లే జరిగినది. అల్మేడా 'కొరిజిడా' ప్రతులలో 'కరిదాదె' ఉండగా, 1959 నాటి 'అటువలిజాదా' ప్రతిలో 'అమోర్' వచ్చినది.

మార్పునకు కారణము స్పష్టమే. వాడుకలో ఆ పాత మాట దానధర్మమునకు పరిమితమైనది. ఆస్తి యంతయు బీదలకు పంచియు అగాపే లేనివాడు వ్యర్థుడని మూడవ వచనము బోధించుచుండగా, అగాపేను దానమని గ్రహించిన పాఠకునికి ఆ వచనమే అర్థరహితమగును.

3. పస్తోర్, సౌదాదె

ఆంగ్లములో గొఱ్ఱెలను కాయువాడు 'షెపర్డ్', సంఘమును నడుపువాడు 'పాస్టర్'. పోర్చుగీసులో ఇద్దరికిని 'పస్తోర్' అనియే పేరు. 23వ కీర్తనలోను, ఎఫెసీ 4:11లోను అదే మాట. మన తెలుగు బైబిలులోను రెండుచోట్ల 'కాపరి' అనియే ఉన్నది. అయినను సంభాషణలో మనము 'పాస్టరుగారు' అనుచున్నందున ఆ బంధము చెవికి తగులుట లేదు.

'సౌదాదె' అనగా దూరమైన ప్రియులను తలంచుకొని పడు బెంగ. దీనికి ఆంగ్లములో సరిపడు ఒక్క మాట లేదు. ఫిలిప్పీ 1:8లో అల్మేడా ఈ మాటనే వాడెను. మన బైబిలులో 'అపేక్ష' అని ఉన్నది. సంకెళ్లలో నున్న పౌలు హృదయమును వివరించుటకు 'బెంగ' అను మన ఇంటి మాట బోధకునికి తోడ్పడును.

ముగింపు

పై ఉదాహరణలనుబట్టి రెండు సంగతులు గ్రహించుచున్నాము. మొదటిది, అనువాద పదము మూలపదమునకు సాక్షియే గాని దానికి బదులు కాదు. ఎస్పెరార్ యెషయాలో మేలు చేసి రోమాలో కీడు చేసినట్లు, ఏ భాషయు అన్నిచోట్ల గెలువదు. రెండవది, ఆంగ్లము తెలుగు కన్న మూలమునకు సమీపమని ముందుగానే నిర్ణయించుకొనరాదు. ప్రసంగము సిద్ధపరచునపుడు ముఖ్యమైన మాటను మూలములో చూచి, తరువాత మన సంఘము ఆ తెలుగు మాటను ఏ అర్థముతో వినుచున్నదో విచారించుట మంచిది.