వెయ్యి మీద నాలుగు

రాగి తీగ వెంట పోయే మాట దూరం పెరిగేకొద్దీ సన్నబడుతుంది. ఎండ ముదిరితే రాగి నిరోధం పెరిగి ఇంకా సన్నబడుతుంది. 1915 జనవరి 25న న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య టెలిఫోన్ లైను ప్రారంభమయ్యేనాటికి ఆ నష్టాన్ని పూడ్చడానికి దారిలో వాక్యూమ్ ట్యూబు ఆంప్లిఫయర్లు వచ్చి చేరాయి. ఎంత పూడ్చాలో తెలియాలంటే కొలత కావాలి. ఒక చివర సెకనుకు వెయ్యి కంపనాల టోన్‌ను సరిగ్గా ఒక మిల్లీవాట్ శక్తితో లైనులోకి వదిలి, రెండో చివర మీటరు మీద ఎంత మిగిలిందో చూసి, ఆంప్లిఫయర్ల లెవెల్ సరిచేసేవారు. ఆ తర్వాత డిజిటల్ పద్ధతి వచ్చింది. ప్యారిస్‌లో పనిచేస్తున్న ఇంగ్లిష్ ఇంజనీరు అలెక్ రీవ్స్ 1937లో ఊహించిన మార్గమే 1962లో అమెరికాలో టి-1 పేరుతో లైన్ల మీదికి ఎక్కింది. మాటను సెకనుకు 8000 సార్లు తూచి, ప్రతి తూకాన్నీ ఎనిమిది బిట్ల అంకెగా రాసి పంపుతారు. అంకె దారిలో సన్నబడదు. హైదరాబాదులో 37 అని రాస్తే ఢిల్లీలోనూ 37గానే చదువుతారు. అలాంటప్పుడు లెవెల్ సరిచూసే పని ఇంకెందుకు అనిపించడం సహజం. నా వాదన ఏమిటంటే, ఆ పని పోలేదు, దారి పొడవునా పరుచుకున్నది గుమ్మాల దగ్గరికి చేరింది. మాట అంకెగా మారే చోటా, అంకె మళ్ళీ మాటగా మారే చోటా తూకం ఇప్పటికీ మనిషి పెట్టిందే.

దీనికి గట్టి సాక్ష్యం ఆ పాత టోనే. 8000ని 1000తో భాగిస్తే 8. అంటే వెయ్యి హెర్ట్జ్ టోన్‌లో ఒక్కొక్క అలకు ఎనిమిది తూకాలే పడతాయి. తర్వాతి అలలోనూ సరిగ్గా ఆ చోట్లే, ఆ పై అలలోనూ అవే. మాటను అంకెగా మార్చే కోడర్, అంకెను మాటగా మార్చే డీకోడర్ కలిసిన ఎనిమిది బిట్ల కోడెక్‌లో 256 మెట్లుంటే ఆ టోన్ ఎంతసేపు మోగినా గుప్పెడు మెట్లనే తొక్కుతుంది. ఆ మెట్లు అసలు విలువకు కాస్త పైనుంటే మీటరు ఎక్కువ చూపుతుంది, కిందుంటే తక్కువ చూపుతుంది. కోడెక్‌లో తప్పేమీ లేకపోయినా అంతే. అందుకే అమెరికాలో పరీక్ష టోన్‌ను 1004 హెర్ట్జ్‌కు జరిపారు, అంతర్జాతీయ సిఫారసు 1020 అయింది. 1004 అయితే అదే వరుస తిరిగి రావడానికి 2000 తూకాలు, అంటే పావు సెకను పడుతుంది. ఈలోగా అల ఎన్నో మెట్లను తాకుతుంది, హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. చెవి అంతగా పట్టించుకోని నాలుగు కంపనాలు కొలతను నిలబెట్టాయి.

అయితే వెయ్యి హెర్ట్జ్ పూర్తిగా తప్పుకోలేదు. యూరప్, భారత్ వాడే ఎ-లా అనే మెట్ల అమరిక పద్ధతిలో డిజిటల్ మిల్లీవాట్ అంటే ఎనిమిది అంకెలే. పదహారు ఆధారపు లెక్కలో రాస్తే 34, 21, 21, 34, బి4, ఎ1, ఎ1, బి4. మొదటి నాలుగింటికీ తర్వాతి నాలుగింటికీ తేడా ఒక్క గుర్తు బిట్టే, అంటే అలలో కింది సగం, పై సగం. వీటిని ఏ టోన్ యంత్రమూ లేకుండా నేరుగా డీకోడర్‌లోకి పంపవచ్చు, అవతల రావలసిన లెవెల్ ముందే తెలుసు. ఇది పడికట్టు రాయి. దీని అవసరం ఎక్కడంటే, కోడర్, డీకోడర్‌లను ఎదురెదురుగా కలిపి పరీక్షించినప్పుడు. కోడర్ ఒక డెసిబెల్ ఎక్కువ, డీకోడర్ ఒక డెసిబెల్ తక్కువ అనుకోండి. తప్పుడు తక్కెడలో తప్పుడు రాయి వేసినట్టు, మీటరు సున్నా తేడా చూపి తృప్తిపరుస్తుంది. అదే ఎక్స్ఛేంజీని మరో ఊరితో కలిపితే ఇక్కడి మాట అక్కడ బిగ్గరగా, అక్కడి మాట ఇక్కడ నీరసంగా వినిపిస్తుంది. రెండు వైపులనూ విడివిడిగా తూచక తప్పదు.

ఒక డెసిబెల్‌కు ఇంత రాద్ధాంతమా అని అడగవచ్చు. ఒక్క ఫోనులో చెవి దాన్ని పట్టించుకోదు, నిజమే. కానీ ఇంటికి వచ్చేది రెండు తీగల లైను, ఎక్స్ఛేంజీల మధ్య రాకకూ పోకకూ వేర్వేరు దారులు. వాటిని కలిపే హైబ్రిడ్ ఎంత పొందిగ్గా కుదిరినా కొంత మాటను వెనక్కి పంపుతుంది. దూరం ఎక్కువైతే అదే ప్రతిధ్వని. లెవెల్ పెరిగితే ఆ ప్రతిధ్వనీ పెరుగుతుంది కాబట్టి, అంకెల లైనులో కూడా కావాలనే కొంత నష్టం పెడతారు. కోడెక్ చిప్పులు ఫ్యాక్టరీలోనే సరిచేసి వస్తాయి కదా అనేది ఇంకో అభ్యంతరం. చిప్పు సరే, దానికి బిగించే లైనును ఫ్యాక్టరీ చూడలేదు. ఒక వైపు ఎ-లా, ఇంకోవైపు అమెరికా మ్యూ-లా సెట్ చేసి ఉంటే మంచి చిప్పుల మధ్యనే మాట గరగరలాడుతుంది. పైగా ఆ నష్టాన్ని అంకెల్లో పెట్టడమంటే ప్రతి అంకెనూ పట్టిక చూసి మరో అంకెగా మార్చడం. మాటకు అది చాలు. డేటాకు చాలదు, 37 అక్కడ 37గా ఉండదు. ఆ అంకెలనే డేటాగా వాడుకునే, 1998లో వచ్చిన వి.90 మోడెముకు ఇది పెద్ద చిక్కయింది. అందుకే కాల్ కలిసిన మొదటి సెకన్లలో వినిపించే గరగరలోనే అవతలి మోడెము తెలిసిన అంకెల వరుస ఒకటి పంపేది. ఇంట్లోని మోడెము దాన్ని వింటూ, దారిలో ఏ అంకె ఏమైందో ఒక్కొక్కటిగా లెక్క రాసుకుని, ఆ తర్వాతే అసలు డేటా మొదలుపెట్టనిచ్చేది.