దేవదూత పదో తరగతికొచ్చింది

డిసెంబరు వచ్చిందంటే గుంటూరు, కృష్ణా, గోదావరి పల్లెల్లో క్రైస్తవుల ఇళ్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి. బజారులో ఎన్ని రకాలు దొరికినా ఇంట్లో కట్టిన నక్షత్రం అందమే వేరు. వెదురు బద్దలతో అయిదు కొనల చట్రాలు రెండు చేసి, కొనలు కలిపి ముడేసి, మధ్యలో పొట్టి పుల్లలు నిలబెడితే దానికి పొట్ట వస్తుంది. ఉడికించిన మైదా జిగురుతో రంగు కాగితం అంటించి, లోపల బల్బు వేలాడదీస్తారు. మొదట్లో పుల్లలందించిన పిల్లాడు రెండేళ్లు తిరిగేసరికి తనే ముడులేస్తాడు. ఇంకో రెండేళ్లకు డాబా ఎక్కి నక్షత్రం కట్టేది వాడే.

పిల్లలు పెద్దయ్యాక క్రిస్మస్‌కు కళ తప్పిందని దిగులుపడే అమ్మానాన్నలకు నేను చెప్పేదొక్కటే. పిల్లలతోపాటు పండగలో వాళ్ల పనీ ఎదగాలి.

మన సంఘాల్లో ఇది ఎప్పటినుంచో ఉంది. సండే స్కూల్లో నాలుగేళ్ల పాప కంఠత వాక్యం చెబుతుంది. మరుసటేడు అట్టముక్కల రెక్కలు కట్టుకుని దేవదూత అవుతుంది. పదో తరగతికొచ్చేసరికి ఆ వేషం వెయ్యనంటుంది. అప్పుడు చిన్నపిల్లల చేత నాటిక ఆడించే బాధ్యత ఆమెకే అప్పజెబుతారు. గొర్రెల కాపరి వేషం కట్టిన కుర్రాడు క్యారల్స్ బృందంలో డోలక్ అందుకుంటాడు.

ఇళ్లలో మాత్రం పదిహేనేళ్ల పిల్లల్ని ఇంకా చుట్టాల్లాగే చూస్తారు. కొత్త బట్టలు కొనిచ్చి, కేకు ముక్క చేతిలో పెడతారు. వాళ్లు ఫోన్లో తల దూర్చారంటే చెయ్యడానికి మరో పని లేకే. ఒక్కసారి అరిసెల పాకం వాళ్లకు అప్పగించి చూడండి. బెల్లం పొంగుతుంటే గిన్నెడు నీళ్లలో చుక్క వెయ్యాలి. కరిగిపోతే ఇంకా రానట్టు. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండ కట్టాలి. ఆ అదను దాటితే అరిసె గట్టిపడుతుంది. “అమ్మా, వచ్చేసింది, పిండి వెయ్యి!” అని కేకేసే పిల్లాడికి ఫోను గుర్తుంటుందా? ఇరుగుపొరుగుకు పంచే పళ్లెం కూడా వాళ్ల చేతికే ఇవ్వాలి.

ఉద్యోగాలు, పెళ్లిళ్లు వచ్చాక అసలు ఇబ్బంది మొదలవుతుంది. కూతురు ఒకే రాత్రి రెండిళ్లలో ఉండలేదు. ఇటు అమ్మ, అటు అత్తగారు పట్టుబడితే నలిగేది ఆ పిల్లే. సెమీ క్రిస్మస్ పేరుతో సంఘాలే వేడుకను ముందుకు జరుపుకుంటున్నప్పుడు కుటుంబాలకు అడ్డేముంది? అందరికీ వీలైన ఆదివారం కూర్చుని అరిసెలు వండుకోవచ్చు. పిల్లలు హైదరాబాద్‌లో ఉంటే మెదక్ చర్చిలో కలుసుకోవచ్చు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ ఆలయం అక్కడికి సుమారు వంద కిలోమీటర్లే.

మనకు 24 అర్ధరాత్రి పన్నెండైతే డల్లాస్‌లో అదే రోజు మధ్యాహ్నం పన్నెండున్నర. అక్కడున్న కొడుక్కి వీడియో కాల్‌లో చెట్టూ దీపాలూ చూపించి ఊరుకోవద్దు. లూకా సువార్త రెండో అధ్యాయం వాడి చేతే చదివించండి. మనవరాలికి తెలుగు చదవడం రాదంటారా? రోజుకో ముక్క చొప్పున నాయనమ్మ ఫోన్లో పలికిస్తే 24 నాటికి వాక్యం మొత్తం నోటికొచ్చేస్తుంది.