డిస్క్ నిండాక మిగిలే 23 జీబీ

క్లాసులో ఒక కుర్రాడి ఉబుంటు లాప్‌టాప్ మొరాయించింది. పాస్‌వర్డ్ కొడితే తీసుకుంటుంది, తెర క్షణం సేపు నల్లబడుతుంది, మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి అక్షరాల తెరలోకి వెళ్లి ‘డీఎఫ్’ కొట్టాం. మొత్తం 458 జీబీ, వాడింది 435, మిగిలింది సున్నా. వాడు లాప్‌టాప్ సంగతి వదిలేసి లెక్క పట్టుకున్నాడు: “మరి ఆ 23 ఏమైనట్టు సార్?”

పోపుల పెట్టెలో అమ్మ దాచే డబ్బులాంటిదది. ఉంది, కానీ అడిగినవాళ్లందరికీ లేదు.

ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ డిస్క్‌ను మామూలుగా 4 కేబీ బ్లాకులుగా కోసుకుంటుంది. వాటిలో నూటికి 5 సర్వాధికారాలున్న రూట్ యూజర్‌కి అట్టిపెడుతుంది. ఇందులో నాకు నచ్చే చమత్కారం ఒకటుంది: ఫలానా బ్లాకులు అని ఎక్కడా గీత గీసి ఉండదు. దాచింది ఒక్క అంకెనే. ఏ ప్రోగ్రామైనా బ్లాకు అడిగితే కెర్నెల్ ఖాళీల లెక్కలోంచి ఆ అంకెను తీసేసి చూస్తుంది. ఏమీ మిగలకపోతే అడిగిందెవరో చూస్తుంది. రూట్ అయితే ఇస్తుంది, ఇంకెవరైనా అయితే ‘చోటు లేదు’ అంటుంది. డెస్క్‌టాప్ లేవాలంటే ఆ యూజర్ పేరు మీద హోమ్ ఫోల్డర్లో చిన్నా చితకా ఫైళ్లు రాసుకోవాలి. అవి రాయలేక అది చతికిలబడుతుంది. రూట్ పేరుతో నడిచే సర్వీసులు మాత్రం దర్జాగా లేస్తాయి. యంత్రం సగమే ప్రాణంతో కనిపించేది అందుకే.

ఈ ఏర్పాటు మొదట ఇలాంటి ఆపద కోసం కాదు, వేగం కోసం. పాత యునిక్స్ ఫైల్ సిస్టమ్ కొత్తలో సెకనుకు 175 కేబీ చదివేది. కొన్ని వారాలు వాడేసరికి ఖాళీ బ్లాకుల జాబితా కలగాపులగమై 30కి పడిపోయేది. బర్క్‌లీలో మెక్యూసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ దాన్ని తిరగరాసి, ఒక ఫైలు బ్లాకులన్నీ దగ్గర దగ్గరగా పడేలా చూశారు (వాళ్ల పేపరు 1984లో వచ్చింది). దగ్గర్లో చోటు ఎంచుకోవాలంటే ఎంచుకోవడానికి ఖాళీలుండాలి కదా! అందుకే నూటికి 10 పక్కన పెట్టారు. అదీ వాడేస్తే వేగం సుమారు సగానికి పడిపోతుందని వాళ్లే రాశారు. బర్క్‌లీ యునిక్స్ అయిన బీఎస్‌డీలో రూట్ ఆ నిల్వలో చెయ్యి పెడితే డీఎఫ్ 104 శాతం అని కూడా చూపిస్తుంది. అంత నిజాయితీ గల తప్పుడు లెక్క నేనింకోటి చూడలేదు.

1993లో ఈఎక్స్‌టీ4కి పూర్వీకుడైన ఈఎక్స్‌టీ2 వచ్చింది, 10 కాస్తా 5 అయింది. తర్వాతివీ అదే పట్టుకున్నాయి. ఎస్‌ఎస్‌డీలో అటూ ఇటూ పరుగెత్తే హెడ్ లేదు కాబట్టి వేగం కారణం చాలావరకు పోయింది, ఆపద కారణం మిగిలింది. బీటీఆర్ఎఫ్ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌ది మరీ విడ్డూరం: పాత బ్లాకు మీద దిద్దదు, కొత్తచోట రాస్తుంది, కాబట్టి ఫైలు చెరపడానికీ చోటు కావాలి.

కుర్రాడి లాప్‌టాప్‌లో ‘సుడో’తో రూట్‌గా పాత లాగ్‌లు, ప్యాకేజీ ఫైళ్లు తీసేస్తే డెస్క్‌టాప్ లేచింది. కొన్నిసార్లు ఇంత తేలిగ్గా తేలదు. రూట్ ప్రోగ్రామే నిల్వలో 10 జీబీ తినేసి ఉంటే, మొదట చెరిపిన 10 జీబీ ఆ బాకీకే పోతుంది, డీఎఫ్ సున్నా దగ్గరే ఉంటుంది. కంగారు పడక ఇంకా చెరపాలి. సినిమాలు దాచుకునే 4 టీబీ డిస్క్‌లో 200 జీబీ ఇలా బిగుసుకుపోవడం దండగే; అక్కడ ‘ట్యూన్2ఎఫ్ఎస్’తో సున్నా చేసెయ్యొచ్చు. సిస్టమ్ ఉన్న డిస్క్‌లో మాత్రం నేను దాని జోలికి పోను.