పుస్తకం ఒకటే, వంటిళ్లు పది

కలిసి వండుకునే బృందాలకు ఏ పుస్తకం పట్టాలన్నదే తొలి చిక్కు. పుస్తకం మారితే విస్తట్లో పదార్థాలతోపాటు పంక్తిలో కూర్చునేవారూ మారిపోతారు

సాహితీ చర్చా బృందంలో పుస్తకం చదవకుండా వచ్చినా ముందుమాట తిరగేసి ఎలాగో నెట్టుకురావచ్చు. వంటల పుస్తకం పట్టిన బృందంలో ఆ పప్పులుడకవు. గిన్నె మీద మూత తీయగానే సంగతి బయటపడిపోతుంది.

పద్ధతి సులువైనదే. ఎనిమిది, పది మంది జట్టు కడతారు. నెలకో, రెండు నెలలకో ఒక వంటల పుస్తకం అనుకుంటారు. అందులోంచి తలా ఒక వంటకం పంచుకుని, ఎవరింట్లో వారు వండి, ఓ ఆదివారం మధ్యాహ్నం ఒకచోటికి తెచ్చుకుంటారు. తిన్న తర్వాత పుస్తకం మంచిచెడ్డలు తేలుస్తారు. అమెరికాలో డోరీ గ్రీన్‌స్పాన్ రాసిన బేకింగ్ పుస్తకాన్ని వారానికొక వంటకం చొప్పున చేయడానికి 2008లో మొదలైన బృందం దాన్ని పూర్తి చేయడానికి దాదాపు నాలుగేళ్లు తీసుకుంది. 2012లో వచ్చిన 'జెరూసలేం' కూడా ఇలాంటి బృందాలకు ఊపునిచ్చింది. దాన్ని రాసిన యోతం ఒట్టొలెంగి, సామీ తమీమీ ఇద్దరూ ఆ నగరంలోనే పుట్టారు. ఒకరు యూదు ఇంట్లో, మరొకరు పాలస్తీనా ముస్లిం ఇంట్లో.

మన దేశంలో కథ మరో దారిలో నడిచింది. ఇక్కడ పుస్తకాలను చూసి బృందాలు ఏర్పడటానికి చాలా ముందే బృందాలు పుస్తకాలను పుట్టించాయి. బొంబాయిలో పార్సీ మహిళలు నడిపిన టైమ్ అండ్ టాలెంట్స్ క్లబ్ సభ్యుల ఇళ్లలోని వంటకాలను పోగుచేసి అచ్చు వేసింది. అదే నగరంలో సారస్వత్ మహిళా సమాజ్ 'రసచంద్రిక'ను తెచ్చింది. రెండూ ఇప్పటికీ ఇంటింటా చేతులు మారుతున్నాయి. కొత్తగా జట్టు కట్టేవారు అలాంటి పుస్తకంతో మొదలుపెడితే ఒక లాభం ఉంది. అవి నక్షత్రాల హోటల్ వంటవాడి కోసం రాసినవి కావు. ఇంట్లో ఉన్న పొయ్యి మీద, ఇంట్లో ఉన్న గిన్నెల్లో అయ్యే వంటలే వాటిలో ఉంటాయి.

చాలామంది చేసే పొరపాటు బొమ్మలు చూసి కొనడం. నిగనిగలాడే కాగితం మీద నోరూరించే ఫోటో అచ్చయిన వంటకానికి సుమాక్, జాతర్, టహినీ కావాలని వంటింట్లోకి దిగాక తెలుస్తుంది. పెద్ద నగరాల సూపర్ మార్కెట్లలో అవి దొరుకుతాయి. కానీ ఒక్క పూట వంట కోసం పది మందీ తలా ఒక సీసా కొని, మిగిలింది ఫ్రిజ్‌లో ఏడాది దాచుకోవడం పరిపాటి అవుతుంది. దినుసులన్నీ ఊళ్లో ఉన్న కిరాణా కొట్లో, కూరగాయల బజారులో దొరికి, ఒకటో రెండో మాత్రం వెతుక్కోవలసి వచ్చే పుస్తకమైతే సరదా సరదాగానే ఉంటుంది. శ్రీలంకలో 1929లో హిల్డా డ్యూట్రమ్ కూర్చిన 'సిలోన్ డైలీ న్యూస్ కుకరీ బుక్' ఇందుకు బాగా పనికొస్తుంది. కొబ్బరి, కరివేపాకు, చింతపండు ఎలాగూ మనింట్లోవే. వెతకాల్సిందల్లా రంపె ఆకు, మాల్దీవుల ఎండు చేప. ఈ రెండో దాని బదులు కోస్తా ఎండు చేపలు వేస్తే ఏమవుతుందో చూడటం ఆ నెల చర్చకు సరిపడా విషయమే.

ఒకే వంటకం చుట్టూ తిరిగే పుస్తకాలతోనూ జాగ్రత్త. ప్రతిభా కరణ్ 2009లో తెచ్చిన 'బిర్యానీ' చదవదగ్గ పుస్తకం, వండదగ్గ పుస్తకం కూడా. కానీ ఒక మధ్యాహ్నం బల్ల మీద ఎనిమిది బిర్యానీలు చేరితే అయిదో దాని రుచి చెప్పగల నాలుక ఎవరికీ మిగలదు. ఆ నెల ఇద్దరు మాత్రమే బిర్యానీ వండి, మిగతావారు పచ్చళ్లు, రైతాలు చూసుకోవడం మంచిది. లేదంటే ఆమెదే 'హైదరాబాదీ క్యుజీన్: ఎ ప్రిన్స్‌లీ లెగసీ' ఎంచుకుంటే విందంతా అందులోనే ఉంటుంది.

అసలు తగువు కొలతల దగ్గర వస్తుంది. మద్రాసులో ఎస్. మీనాక్షి అమ్మాళ్ 1951లో 'సమైత్తు పార్' అచ్చు వేయించారు. 'వండి చూడు' అని అర్థం. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న ఆమె, పెద్దవాళ్లు పక్కన లేకుండా కాపురం పెట్టే కొత్త జంటలను దృష్టిలో పెట్టుకుని, పొయ్యి వెలిగించడం తప్ప ఏమీ తెలియనివారికి కూడా అర్థమయ్యేలా రాశారు. అయితే తూనికలు, కొలతల చట్టం వచ్చింది 1956లో. గ్రాములు, లీటర్లు బజారులోకి దిగింది ఆ తర్వాతే. కాబట్టి ఆమె లెక్కలు ఒళక్కుల్లో, పలాల్లో ఉంటాయి. ఈ తరానికి తగ్గట్టు మార్చిన సంపుటాన్ని పెంగ్విన్ 2001లో ఇంగ్లిష్‌లో తెచ్చింది. బృందంలో సగం మంది పాతదీ, సగం మంది కొత్తదీ పట్టుకుని అదే సాంబారు వండితే అర శతాబ్దం తేడా గరిటె చివర తెలుస్తుంది.

తెలుగు ఇళ్లకు ఈ చిక్కు కొత్తదేమీ కాదు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఈ లెక్క నోటికి వచ్చిన అమ్మమ్మలు ఇప్పుడు తక్కువ. శేరంటే 80 తులాలు, అంటే సుమారు 933 గ్రాములని తెలియకుండా పాత నోటు పుస్తకంలోని అరిసెల పాకం జోలికి వెళితే పిండి చాలదు. కొత్త పుస్తకాలు మాత్రం తక్కువ తిన్నాయా అంటే అదీ లేదు. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. మన పుస్తకాల్లో కప్పంటే ఒకచోట టీ కప్పు, ఇంకోచోట కొలత కప్పు. ఆస్ట్రేలియాలో టేబుల్ స్పూన్ 20 మిల్లీలీటర్లయితే చాలా దేశాల్లో 15. కూరలో ఈ తేడా కలిసిపోతుంది. కేకులో కలవదు. ఇక 'ఉప్పు తగినంత' అన్న మాట తెలుగు వంటల పుస్తకాలన్నిటికీ ఇంటిపేరు లాంటిది. ఎవరికి తగినంతో చెప్పిన పుస్తకం ఇంతవరకూ రాలేదు.

మీనాక్షి అమ్మాళ్ తర్వాత ఈ పనిని మరో రకంగా చేసినవారిలో మిసెస్ బల్బీర్ సింగ్ ఒకరు. 1950లలో ఢిల్లీలో వంట తరగతులు నడిపిన ఆమె 1961లో 'ఇండియన్ కుకరీ'ని తూకాలతో సహా రాశారు. లండన్‌లో దాన్ని అచ్చు వేసింది మిల్స్ అండ్ బూన్. అవును, ప్రేమ నవలల మిల్స్ అండ్ బూనే. 1966లో బొంబాయిలో తరగతులు మొదలుపెట్టిన తర్లా దలాల్ తొలి పుస్తకం 1974లో వచ్చింది. నటన నేర్చుకోవడానికి లండన్ వెళ్లిన మధుర్ జాఫ్రీకి వంటే రాదు. ఢిల్లీ నుంచి తల్లి రాసిన ఉత్తరాలు చూసి నేర్చుకుంది. అమెరికాలో 1973లో వచ్చిన ఆమె 'ఎన్ ఇన్విటేషన్ టు ఇండియన్ కుకింగ్' అక్కడి వంటింటిని చూసి రాసింది కాబట్టి న్యూజెర్సీలో, డాలస్‌లో ఉండే తెలుగువారి బృందాలకు ఇప్పటికీ సులువుగా అందుతుంది.

ఈ ముగ్గురి పుస్తకాలూ ఇంగ్లిష్‌వి. అది చిన్న విషయం కాదు. అర్జున్ అప్పాదురై 1988లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, నగరాల మధ్యతరగతి కోసం వచ్చిన ఇంగ్లిష్ వంటల పుస్తకాలే 'భారతీయ వంట' అనే ఒక ఉమ్మడి భావాన్ని తయారు చేస్తున్నాయని వివరించారు. పక్క ఫ్లాటులోని పంజాబీ ఇల్లాలు, ఎదురింటి తమిళ ఇల్లాలు వంటకాలు ఇచ్చిపుచ్చుకోవడం ఆ భావానికి పునాది. కలిసి వండే బృందం చేసేదీ అదే పని. పుస్తకం ఒక సాకు. అయితే ఏ పుస్తకం అన్నదాన్ని బట్టి ఎవరి వంట 'మన వంట' అవుతుందో, ఎవరిది పక్కకు పోతుందో తేలిపోతుంది.

తెలుగు పుస్తకాల సంగతే చూస్తే, మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' చాలా ఇళ్లలో తల్లి నుంచి కూతురికి చేరిన పుస్తకం. 'ఆంధ్రప్రభ'లో 'ప్రమదావనం' శీర్షిక నడిపిన నవలా రచయిత్రి రాసింది కాబట్టి మాట తేలిక. బిల్కీస్ లతీఫ్ పుస్తకం 1999లో ఇంగ్లిష్‌లో వచ్చింది. ఆంధ్ర వంటలనూ హైదరాబాదీ వంటలనూ ఒకే అట్టల మధ్య పెట్టింది. ఈ రెండింటినీ వరుస నెలల్లో పెట్టుకుంటే ఒకే రాష్ట్రంగా ఉన్న రోజుల్లో కూడా ఇక్కడ ఎన్ని వంటిళ్లున్నాయో కళ్లకు కడుతుంది. రాయలసీమ సంగటి, పాలమూరు జొన్నరొట్టె, ఉత్తరాంధ్ర చేపల పులుసు పూర్తిగా దొరికే పుస్తకం కోసం మాత్రం ఎక్కువ వెతకాలి. దొరక్కపోతే సభ్యుల ఇళ్లలోని రాతలే పుస్తకం.

ఇక బృందాలు పైకి చెప్పుకోని చిక్కు. పది మందిలో ముగ్గురు మాంసం ముట్టరనుకుందాం. గొడవెందుకని ఏడాది పొడవునా శాకాహార పుస్తకాలే పట్టుకోవడం మర్యాదగానే కనిపిస్తుంది. మర్యాద పేరుతో మిగతా ఏడుగురి ఇళ్లలో వండేది ఆ బల్ల మీదికి ఒక్కసారీ రాదు. శాకాహారులు అడక్కపోయినా వారిదే పైచేయి అవుతుంది. కోడికూర దాకా సరే, అంతకుమించితే ముఖాలు మాడ్చుకోవడం మరో మెట్టు. ఉమ్మీ అబ్దుల్లా 'మలబార్ ముస్లిం కుకరీ' లాంటి పుస్తకం పట్టిన నెల తినని వారికి వేరే గిన్నెలు, వేరే గరిటెలు పెట్టి, ఎవరి వంట వారు ముందే చెప్పుకుంటే సరిపోతుంది. తినకపోయినా కూర్చుని మాట్లాడొచ్చు. పుస్తకం చదవడానికి నిష్ఠ అడ్డు రాదు.

అచ్చులోకి ఆలస్యంగా వచ్చిన వంటిళ్లున్నాయి. పుణె విశ్వవిద్యాలయంలోని సావిత్రీబాయి ఫూలే మహిళా అధ్యయన కేంద్రం నుంచి 2009లో వచ్చిన 'ఇజంట్ దిస్ ప్లేట్ ఇండియన్?' దళిత మహిళల జ్ఞాపకాలనూ వంటకాలనూ పక్కపక్కన పెట్టింది. మరాఠీలో శాహూ పాటోళె 2015లో రాసిన 'అన్న హే అపూర్ణ బ్రహ్మ' మరాఠ్వాడాలోని మహార్, మాంగ్ కులాల తిండి గురించి. పేరులోనే విసురుంది. అన్నం పూర్ణబ్రహ్మమని అందరూ అంటుంటే, కొందరి విస్తరికి అది అసంపూర్ణమేనని రచయిత అంటారు. నూనె, నెయ్యి, పాలు అరుదైన ఇళ్లలో ఏం వండారు, ఎలా వండారు అన్నది అందులో ఉంది. 2024లో 'దళిత్ కిచెన్స్ ఆఫ్ మరాఠ్వాడా' పేరుతో ఇంగ్లిష్‌లో వచ్చాక మరాఠీ రానివారి చేతికీ అందింది. ఆ పుస్తకం మరాఠీలో వెలువడిన 2015లోనే మహారాష్ట్రలో ఆవులతోపాటు ఎద్దుల వధను కూడా నిషేధించే చట్టం అమల్లోకి వచ్చింది. అందులోని కొన్ని వంటకాలకు మూల దినుసు దొరకడమే అక్కడ కష్టమైపోయింది. వంటల పుస్తకంలో కొన్ని పేజీలు చదువుకోవడానికే మిగలడం కూడా బృందం మాట్లాడుకోవలసిందే.

హైదరాబాద్ బృందాలకు ఇది పరాయి పుస్తకమేమీ కాదు. 1956 దాకా మరాఠ్వాడా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. జొన్నరొట్టె రెండు వైపులా ఉంది. మాంసాన్ని సన్నగా చీల్చి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి దాచుకునే 'చాన్యా' గురించి చదివితే తెలంగాణ పల్లెల ఎండు తునకలు గుర్తుకు రాక మానవు. వాటిని వండాలనుకునేవారు మేకమాంసంతోనైనా మొదలుపెట్టవచ్చు. ఎండటానికి మంచి ఎండ, కొన్ని రోజుల వ్యవధి కావాలి కనుక ఆ పుస్తకాన్ని ఏప్రిల్‌కో, మే నెలకో పెట్టుకోవాలి. వానల్లో పెట్టుకుంటే పురుగు పడుతుంది.